పాత కూర్పుకు మరలిన వైనం



గత మాసంలో నా కంప్యూటరులోని మీడియా ప్లేయరును పాత కూర్పుకు మార్చుకున్నాను. ఇందులో వ్రాయదగిన విశేషమేముందని మీరనవచ్చు. ప్రోగ్రాము మార్చడానికి పట్టినది పావుగంట. దాని వెనుక పడిన చిక్కులను విప్పుకోవడానికి పట్టినవి పదకొండు సాయంకాలాలు. ఆ పదకొండు సాయంకాలాలూ నాలో నేను చేసుకున్న వాదాన్ని మీ ముందుంచుతున్నాను. నాది పొరపాటైతే నిర్మొహమాటంగా చెప్పండి.

ముందుగా ఒక మాట మీద తగవు. వెర్షన్ అనే ఇంగ్లీషు మాటకు 'కూర్పు' అని జాలంలో తెలుగు వ్రాసేవారు వాడుక చేశారు. చక్కని మాట. కూర్పు అనగానే దాన్ని కూర్చినవాడొకడున్నాడనీ, మరొకడు మరొక విధంగా కూర్చవచ్చుననీ స్ఫురిస్తుంది. కాని కొత్త కూర్పు నుండి పాత కూర్పుకు వెళ్ళడాన్ని కంప్యూటరు వారు 'డౌన్‌గ్రేడ్' అంటారు. పరీక్ష తప్పిన పిల్లవాణ్ణి కింది తరగతిలో కూర్చోబెట్టినట్లన్నమాట. ముప్పయి ఏళ్ళకు పైగా మార్కులు వేసిన చేయి నాది. జవాబుపత్రం చదవకుండానే మార్కు వేసేసిన ఆ మాట నాకు రుచించదు. నేను 'మరలడం' అంటాను. మరలినవాడు ఓడినవాడు కానక్కరలేదు. దారి తప్పినట్లు గ్రహించినవాడు కావచ్చు.

ఇక విషయానికి వస్తాను. నా దగ్గర 212 ధ్వని దస్త్రాలున్నాయి. మా గురువుగారి గొంతు. ప్రాచ్య కళాశాలలో మాకు ప్రబంధాలు చెప్పిన ఆయన పద్యం చదివితే అర్థం సగం రాగంలోనే తెలిసిపోయేది. 1986లో, ఆయన ఉద్యోగ విరమణకు దగ్గరపడిన రోజులలో, నేనూ మరొక సహాధ్యాయీ అరువు తెచ్చిన టేపు రికార్డరుతో ఆదివారాలు ఆయన ఇంటికి వెళ్ళి పదిహేడు క్యాసెట్లు నింపాము. భాగవత ఘట్టాలు, మనుచరిత్ర, కొన్ని చాటువులు. గురువుగారు వెళ్ళిపోయారు. 2006లో టేపు రికార్డరుకూ కంప్యూటరుకూ మధ్య ఒక తీగ తగిలించి, క్యాసెట్టు ఎంతసేపు తిరిగితే అంతసేపూ కాపలా కూర్చుని వాటిని ఎంపీ3లుగా మార్చాను. ఒక్కొక్క ఘట్టాన్ని ఒక్కొక్క దస్త్రంగా కత్తిరించి, ప్రతిదానికీ తెలుగులోనే పేరు పెట్టాను. యూనికోడు తెలుగు తెరమీద సరిగా కనబడటమే పండుగగా ఉన్న రోజులవి. నేను తెలుగులో టైపు చేసిన మొట్టమొదటి సంగతులు ఈ పేర్లే. గాయకుడి పేరు వ్రాసే గడిలో గురువుగారి పేరు 212 సార్లు వ్రాసుకున్నాను.

ప్లేయరు నుండి నేను కోరినది స్వల్పం. దస్త్రాలను నేను సర్దుకున్న వరుసలోనే వినిపించాలి. ఒక ఘట్టం ముగియగానే ఆగాలి. మూడవది, ఎక్కువగా వాడుకున్నది: ధ్వనిలో రెండు చోట్ల గుర్తులు పెడితే ఆ రెంటి మధ్య భాగాన్నే మళ్ళీ మళ్ళీ వినిపించాలి. మా ఎదురింటి అమ్మాయి ఏడవ తరగతి. పద్యాల పోటీలకు నా దగ్గర నేర్చుకుంటుంది. యతిస్థానం దగ్గర ఊపిరి ఎక్కడ తీయాలో, ద్విత్వాన్ని ఎంత ఊనాలో చెప్పడానికి నా గొంతు ఇప్పుడు చాలదు. ఆ పాదానికి రెండు కొసలా గుర్తు పెట్టి గురువుగారి చేతనే పదిసార్లు చెప్పిస్తాను. ఆయన విసుక్కోరు. ఉన్నప్పుడు విసుక్కునేవారు.

ఒక ఉదయం ప్లేయరు తనంతట తాను కొత్త కూర్పుగా మారి కూర్చుంది. దాని పేరెందుకు లెండి, జాలంలో ఉచితంగా దొరికేదే. తెర నిండా పెద్ద పెద్ద చదరపు బొమ్మల గళ్ళు. నా వరుస ఎక్కడో మూడు పొరల లోపలికి పోయింది. ఒక ఘట్టం ముగియగానే అడగకుండా మరొకటి అందుకుంటోంది. రెండు గుర్తుల మీట లేనేలేదు. ఇంతవరకైతే సర్దుకునేవాణ్ణేమో. మొదటిసారి తెరిచినప్పుడే అది ఒక ప్రశ్న వేసింది, మీ సంగ్రహంలోని వివరాలను జాలం నుండి తెచ్చి పూరించమంటారా అని. పూరించడమంటే ఖాళీగా ఉన్న గడులను నింపడమని నేను అర్థం చేసుకుని సరేనన్నాను. తెలుగు పండితుడి అర్థం అది. దాని అర్థం వేరు. అది వ్రాసి ఉన్న గడులను కూడా చెరిపి వ్రాసింది. కొన్ని పద్యాలకు ఎవరో పాశ్చాత్య వాద్యబృందం పేరు, డోళ్ళ బొమ్మతో సహా అంటించింది. పోల్చుకోలేని తక్కినవాటికి 'తెలియని కళాకారుడు' అని వ్రాసింది.

తెలియని కళాకారుడట! ఆ మాట చూసి కొంతసేపు కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను.

మా అబ్బాయి సాఫ్ట్‌వేరు ఉద్యోగి. ఫోనులో చెప్పుకుంటే, “నాన్నా, నాలుగు రోజులు వాడితే అదే అలవాటవుతుంది, పాతదానికి పోకండి” అన్నాడు. అంతటితో ఊరుకోక, కొత్త కావ్యాన్ని కొత్తదన్న కారణంగా చులకన చేయవద్దని కాళిదాసు మాళవికాగ్నిమిత్రం ప్రస్తావనలో చెప్పిన శ్లోకాన్ని నామీదనే ప్రయోగించాడు. వాడికి ఆ శ్లోకం నేర్పినది నేనే. అయితే పరీక్షించి ఎంచుకొమ్మని కూడా ఆ శ్లోకంలోనే ఉంది. నేను పరీక్షించాను. నాలుగు రోజులు కాదు, మూడు వారాలు వాడాను. పాతదే నా పనికి తగినదని తేలింది.

ఇటువంటి వాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని పాత సంగతులు తిరగవేస్తే ఇది ప్లేయర్ల చరిత్రలో పదేపదే జరిగిన ముచ్చటేనని తెలిసింది. మనలో చాలామంది వాడిన విన్యాంప్‌నే తీసుకోండి. 1997లో జస్టిన్ ఫ్రాంకెల్, ద్మిత్రీ బోల్దిరెవ్ అనే ఇద్దరు యువకులు మొదలుపెట్టినది. 1998లో వచ్చిన రెండవ కూర్పు చిన్నది, చురుకైనది. ఆనాటి బక్క కంప్యూటర్లలో కూడా చెప్పిన మాట వినేది. 1999లో దాన్ని తయారుచేసిన నల్‌సాఫ్ట్ సంస్థను ఏఓఎల్ కొన్నది. 2002 ఆగస్టులో మూడవ కూర్పు వచ్చింది, అట్టడుగు నుండి తిరిగి వ్రాసినది. ఏ ఆకారంలోనైనా తొడుగులు వేసుకోగలదు, సొగసుకు లోటు లేదు. కాని బరువు, నిదానం. రెండవ కూర్పుకు అమర్చుకున్న అదనపు హంగులు అందులో పనిచేయవు. జనం గుంపులుగా రెండవ కూర్పుకు మరలిపోయారు.

ఇక్కడ నాకు ముచ్చట గొలిపినది ఆ సంస్థ ప్రవర్తన. రెండవ కూర్పును చంపలేదు. 2003లో కూడా దానికి కొత్త సవరణలు విడుదల చేసింది. అదే సంవత్సరం డిసెంబరులో రెండవదాని దేహానికి మూడవదాని తొడుగులను అమర్చి కొత్త కూర్పును తెచ్చి, రెండూ మూడూ కలిస్తే ఐదు గనుక దానికి ఐదవ కూర్పు అని పేరు పెట్టింది. నాలుగు అంకెను దాటవేసింది. లెక్కల మాస్టారు ఒప్పుకోకపోవచ్చుగాని నేను పూర్తి మార్కులు వేస్తాను. మరలిపోయిన జనాన్ని ఛాందసులని కసరకుండా, వాళ్ళు దేనికోసం మరలారో గమనించి ఇచ్చిన జవాబు అది.

విండోస్ మీడియా ప్లేయరు కథ మరొక తీరు. 2001లో విండోస్ ఎక్స్‌పీ కొత్త ప్లేయరుతో వచ్చినప్పుడు, దాని పక్కనే ఎంప్లేయర్2 అనే పేరుతో పాత 6.4 కూర్పు చప్పుడు చేయకుండా కూర్చుని ఉండేది. తెలిసినవాళ్ళు దాన్ని వెతికి వాడుకునేవారు. 2003లో గాబెస్ట్ అనే మారుపేరుతో ఒక ప్రోగ్రామరు, లోపలి యంత్రాంగం తనదిగా, బయటి రూపం మాత్రం ఆ 6.4దే అయ్యేట్లు మీడియా ప్లేయర్ క్లాసిక్‌ను వ్రాశాడు. పాత ఇంటి పటం మీద కొత్త ఇటుకలతో కట్టిన ఇల్లు అది. 2017 సెప్టెంబరులో యాపిల్ సంస్థ ఐట్యూన్స్ 12.7 కూర్పులో ఫోను యాప్‌ల అంగడిని తీసివేసింది. అది కావలసినవారి కోసం అంగడి ఉన్న 12.6.3 కూర్పును కూడా ఆ సంస్థే తన చేతులతో అందించింది.

ఈ మూడు కథలలోనూ కొత్త కూర్పుకు సదుపాయాలు తక్కువై జనం వెనక్కు పోయిన సందర్భం ఒక్కటే, చివరిది. తక్కిన రెంటిలో కొత్తదానిలోనే ఎక్కువ ఉన్నాయి. మరి ఎందుకు పోయారు? చేతికి అలవడిన పని ఒకటుంటుంది. పొడుగాటి వాక్యానికి కళ్ళెత్తకుండానే నల్లబల్లమీద చోటు చూసుకునే చేయి ఉపాధ్యాయుడికి ఉన్నట్లే, ఎక్కడ నొక్కితే ఏమవుతుందో కంటికి పని లేకుండా తెలిసిన వేలు ప్రతి వాడుకరికీ ఉంటుంది. అది అతడు ఏళ్ళ తరబడి సంపాదించుకున్న ఆస్తి. కూర్పు మారినప్పుడు ఆ ఆస్తి ఒక్క పూటలో చెల్లనిదవుతుంది. నష్టపరిహారంగా ఇచ్చేవి అతడు అడగని బొమ్మలు.

నా అసలు ఫిర్యాదు దీనికంటె సూటియైనది. కొత్త కూర్పు మూట కట్టి వస్తుంది. అందులో నాకు కావలసినవి ఉంటాయి: ఎవరో దొంగ దూరగల కన్నం పూడ్చి ఉంటారు, ఏదో తప్పు దిద్ది ఉంటారు. నాకు అక్కరలేనివీ ఉంటాయి: మారిన ముఖం, పోయిన మీట, ఖాతా తెరవమనే పోరు. మూట విప్పి సగం తీసుకుంటానంటే కుదరదు. మందు కావాలంటే మిఠాయి కూడా కొనవలసిందే అనే కొట్టువాడితో మనం పోట్లాడమా?

దీనికి మా అబ్బాయి చెప్పిన సమాధానం కొట్టివేయదగినది కాదు. బ్రతికి ఉన్న ప్రతి పాత కూర్పునూ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలనీ, అది ఖర్చనీ, పదిమంది చేసే చోట పది కూర్పులను పోషించడం సాధ్యం కాదనీ అన్నాడు. నిజమే. ఉచితంగా వచ్చే వస్తువు మీద నేను దావా వేయలేను. పోషించమని నేను కోరడంలేదు. దారి మూయవద్దంటున్నాను. పాతదాన్ని ఒక గూటిలో ఉంచి, 'దీని పూచీ మాది కాదు' అని బోర్డు పెట్టమనండి, చాలు. వీఎల్‌సీ వారు తమ పాత కూర్పులన్నిటినీ అలాగే జాలంలో అందుబాటులో ఉంచారు. ఎవరికి ఏది కావాలో వారు దించుకుంటారు.

మా శాస్త్రంలో ఇది కొత్త విషయం కాదు. బ్రౌను దొర కడపలో పండితులకు జీతాలిచ్చి తాళపత్ర ప్రతులను పోల్పించాడు. ఒకే పద్యం నాలుగు ప్రతులలో నాలుగు విధాలుగా ఉంటుంది. పరిష్కర్త తనకు ఉత్తమమని తోచిన పాఠాన్ని పైన నిలిపి, తక్కినవాటిని పుట అడుగున పాఠాంతరాలుగా చూపుతాడు. తాను త్రోసిపుచ్చినదాన్ని కూడా చదువరికి దక్కనిస్తాడు. రేపు ఎవడైనా వచ్చి అడుగున ఉన్నదే సరియైన పాఠమని నిరూపించవచ్చు. ఎన్నోసార్లు నిరూపించారు కూడా. పాఠాంతరాలను తగలబెట్టి తన పాఠమొక్కటే అచ్చువేసినవాణ్ణి మేము పరిష్కర్త అనము.

ఇప్పుడు నా పొరపాటు చెబుతాను. పాతదే మేలని రుజువు చేయాలన్న ఉబలాటంలో నేను మరీ వెనక్కు పోయాను. పాత సీడీ ఒకదానిలో నేనే దాచుకున్న అతి పాత కూర్పును స్థాపించాను. చిన్నది, చురుకైనది, రెండు గుర్తుల మీట ఉంది. సంబరంగా నా దస్త్రాల వరుసను తెరిచాను. తెరమీద 212 వరుసల నిండా ప్రశ్నార్థకాలు! ఒక్క పేరూ చదవలేదు. చాలావాటిని తెరవను కూడా లేదు. నేను మరచినదేమంటే ఆ కూర్పు యూనికోడును ఎరుగని కాలం నాటిది. విండోసులో అటువంటి ప్రోగ్రాములు ఆధారపడిన పాత సంకేత పట్టికలు గ్రీకుకున్నాయి, రష్యనుకున్నాయి, అరబ్బీకున్నాయి, థాయికున్నాయి. తెలుగుకు లేదు. భాషను ఎలా అమర్చుకున్నా ఆ ప్రోగ్రాముకు తెలుగు కనబడే వీలే లేదు. నేను మెచ్చుకున్న విన్యాంప్ రెండవ కూర్పు కూడా ఈ కోవలోనిదే. తరువాత ఐదవ వరుస కూర్పులలోనే దానికి యూనికోడు పేర్లు చదవడం అలవడింది.

ఎంపీ3 దస్త్రానికి తోకగా వివరాలు వ్రాసే మొదటి పద్ధతి కూడా అంతే. ఐడీ3 మొదటి రూపంలో శీర్షికకు 30 బైట్ల చోటు. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావాలి. 'గజేంద్రమోక్షం' అనే పేరును గుణింతాలూ వత్తులూ విడదీసి లెక్కపెడితే 13 సంకేతాలు, 39 బైట్లు. మొసలి నోట చిక్కిన ఏనుగు సగంలోనే తెగిపోతుంది. ఐడీ3 రెండవ రూపం వచ్చాకే మన పేర్లకు చాలినంత చోటు దక్కింది.

ఆ రాత్రి నేను చేయబోయిన పనిని మీతో ఒప్పుకోవాలి. పేర్లన్నీ రోమన్ లిపిలోకి మార్చేస్తే పోలేదా అనుకున్నాను. అనుకోవడమే కాదు, తొమ్మిది దస్త్రాలకు మార్చాను. యూనికోడు తెలుగు కోసం ఇన్నేళ్ళు ఊరూవాడా చెప్పిన మనిషిని, ఒక మీట కోసం గురువుగారి మనుచరిత్రకు రోమన్ అక్షరాలు తొడుగుతున్నాను! పదవ దస్త్రం దగ్గర చేయి ఆగింది. మరునాడు ఆ తొమ్మిదింటినీ తెలుగులోకి తిప్పివ్రాసి, కూర్పులను ఒక్కొక్కటిగా ముందుకు జరుపుకుంటూ వచ్చాను. తెలుగు చదవగలిగి, రెండు గుర్తుల మీట ఇంకా ఉన్న కూర్పు మధ్యలో దొరికింది. కొత్తదానికి రెండు మెట్లు వెనుక. ఇప్పుడు నా దగ్గర ఉన్నది అదే. పాతదాన్ని వెనకేసుకొచ్చే నాకు తెలుగు పేర్లను చదివి చూపినది ఒకనాటి కొత్త కూర్పేనని మా అబ్బాయి ఎత్తిపొడవకముందే నేనే చెబుతున్నాను.

ప్రోగ్రాము వెనక్కు వచ్చింది. దస్త్రాలు రాలేదు. కొత్త కూర్పు చెరిపి వ్రాసిన వివరాలు పాత కూర్పులోనూ అలాగే కనబడ్డాయి, ఎందుకంటే ఆ వ్రాత ప్రోగ్రాములో కాదు, దస్త్రంలోనే ఉంది. అందరూ గుర్తుంచుకోవలసిన సంగతి ఇదే. ప్రోగ్రాము వాడిది, దస్త్రం నాది. ముఖం ఎన్నిసార్లు మార్చుకున్నా కోపం రెండు రోజులే. నా దస్త్రం మీద చేయి వేస్తే మరలే దారి సగమే మిగులుతుంది.

దస్త్రాల పేర్లు పదిలంగానే ఉన్నాయి గాని, లోపలి వివరాలను 212 చోట్లా తిరిగి వ్రాయవలసి వచ్చింది. పేరు చూసి వ్రాసుకుంటూ పోతే రెండు పూటల పని. ఏ ఘట్టం ఏ పద్యం దగ్గర మొదలవుతుందో కూడా సరిచూసుకుందామని వినడం మొదలుపెట్టాను. అందుకే పదకొండు సాయంకాలాలు. ఎదురింటి అమ్మాయి కూడా వచ్చి కూర్చునేది. ఎనిమిదవ క్యాసెట్టు చివర, వరూధిని మాట్లాడుతుండగా, ఒక కుర్ర గొంతు అడ్డుపడి, “గురువుగారూ, సైడు అయిపోయిందండీ” అంది. “ఎవరు తాతయ్యా అది?” అని అమ్మాయి అడిగింది. నేనే. 2006లో కత్తిరించేటప్పుడు దాన్ని ఎందుకు ఉంచానో గుర్తులేదు. ఈసారి కూడా ఉంచాను.

మరలదలచినవారికి రెండు జాగ్రత్తలు చెప్పి తీరాలి. పాత కూర్పును ఊరూపేరూ లేని చోటుల నుండి దించుకోకండి. పైన పాత ప్లేయరు పేరుండి లోపల మరేదో ఉండవచ్చు. తయారుచేసినవారి గూటిలో ఉంటే అక్కడే తీసుకోండి. అంతకంటె మేలు, ఇప్పుడు మీకు నచ్చి వాడుతున్నదాని స్థాపక దస్త్రాన్ని ఈ రోజే ఒక పక్కన దాచుకోండి. ఇక రెండవది: పాత కూర్పులో పూడ్చని కన్నాలుంటాయి. 2004లో విన్యాంప్ తొడుగుల దస్త్రాల గుండానే కంప్యూటర్లలోకి చొరబడిన దుండగులున్నారు. నేను నా పాత ప్లేయరును జాలంతో మాట్లాడనివ్వను. నా 212 దస్త్రాలు తప్ప దానికి మరేదీ పెట్టను.

చేతిఫోనుల సంగతి ఇంతకంటె కష్టం. ఆండ్రాయిడులో కొత్త కూర్పు మీద పాతదాన్ని స్థాపించబోతే ఒప్పుకోదు. ముందున్నదాన్ని తీసివేయాలి, దానితోపాటు అది దాచుకున్నదీ పోతుంది. అంగట్లో చూస్తే పాత కూర్పు అమ్మకానికే ఉండదు. రేపటి పిల్లలకు పాటలపెట్టె అంటే చేతిఫోనే గనుక, మరలడం అనే మాటే వాళ్ళకు అక్కరలేకుండా పోతుందేమోనని నా దిగులు. అమ్మాయిని అడిగాను, నీ ఫోనులో ఏదైనా మారి నచ్చకపోతే ఏం చేస్తావని. “ఏం చేస్తాం తాతయ్యా, అదంతే కదా” అంది.

ఇది వ్రాస్తుండగానే తెర మూలన చిన్న గడి వెలిగింది, కొత్త కూర్పు సిద్ధంగా ఉందని. 'ఇప్పుడే', 'తరువాత' అని రెండు మీటలు. 'వద్దు' అనే మీట లేదు. 'తరువాత' నొక్కాను. రేపు మళ్ళీ వస్తుంది.